పెద్దజ్వరంలో పోయిన ముత్తాత: పోయినవారిని వెతకాలంటే ముందు మిగిలినవారి కాగితాలు చూడాలి

ప్రశ్న: మా నాన్నగారి స్వగ్రామం తణుకు దగ్గర. స్కూలు కాగితాల ప్రకారం మా తాతగారు 1912లో పుట్టారు. ఆయనకు ఆరేళ్ళప్పుడు తల్లి, తండ్రి, బాబాయి పది రోజుల తేడాలో చనిపోయారట. మేనమామలు ఆయనను భీమవరం వైపు తమ ఊరికి తీసుకువెళ్ళి పెంచారు. ఇంట్లో ఆ రోగాన్ని ‘పెద్దజ్వరం’ అనేవారు; ఒక బంధువు మాత్రం అది కలరా అని గట్టిగా చెబుతారు. ముత్తాతగారి పేరు తెలుసు గాని తాతమ్మ పేరు ఎవరికీ తెలియదు. తాతగారు ఏటా ఆశ్వయుజ బహుళ పంచమినాడు తండ్రికి తద్దినం పెట్టేవారు. తల్లికి విడిగా తద్దినం లేదు, భాద్రపదంలో అవిధవ నవమినాడు ఒక ముత్తయిదువకు భోజనం పెట్టి చీర ఇచ్చేవారు. నాలుగెకరాల పొలంలో, పెద్దయ్యాక ఆయన చేతికి వచ్చింది రెండెకరాలే. జిల్లా కేంద్రంలోని ఒక కార్యాలయంలో అడిగితే ఆ కాలపు కాగితాలు తమ దగ్గర లేవన్నారు. పాత సంగతులు చెప్పగలిగినవారు మా పెద్ద మేనత్త ఒక్కరే, ఆమెకు ఎనభై తొమ్మిదేళ్ళు. వాళ్ళు ముగ్గురూ 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలోనే పోయారా? ఎక్కడ వెతకాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ముగ్గురి మరణాలకు కాగితం కావాలని బయలుదేరి, అది దొరక్క వెనక్కి వచ్చారు. ఊరంతా మంచం పట్టిన రోజుల్లో పోయినవారి గురించి రాసిపెట్టిన కాగితం చాలా తక్కువగా ఉంటుంది, ఉన్నదానిలోనూ తప్పులుంటాయి. ఆ తర్వాత బతికి మిగిలినవారు పొలం అమ్మవలసి వచ్చింది, అప్పు తీర్చవలసి వచ్చింది, పిల్లవాణ్ణి బడిలో వేయవలసి వచ్చింది. ఈ ప్రతి పనికీ ఒక కాగితం పుట్టింది. కాబట్టి మీరు ముత్తాతగారి కోసం కాకుండా, ముందు ఆ ఆరేళ్ళ పిల్లవాడి కోసం వెతకమని నా సలహా. ఆయన కాగితాలే మిమ్మల్ని ఆ ముగ్గురి దగ్గరికి తీసుకువెళతాయి.

మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యంలోనే అన్నిటికంటే గట్టి ఆధారం ఉంది. అది తద్దినపు తిథి. ఇంట్లో కథలు నోటినుంచి నోటికి మారుతాయి, రోగం పేరు మారుతుంది, పోయినవారి సంఖ్య కూడా మారుతుంది. తిథి మాత్రం ఏడాదికొకసారి అన్నం వండి, పిండం పెట్టి గుర్తుచేసుకునేది కనుక అంత తేలికగా మారదు. తిథికి సంవత్సరం జతపడితే తేదీ వస్తుంది. 1918 ఉగాదితో మొదలైన సంవత్సరం పేరు కాళయుక్తి. ఆ ఏడు ఆశ్వయుజమాసం అక్టోబరు 5 ప్రాంతంలో మొదలై, నవంబరు 3 నాటి దీపావళి అమావాస్యతో ముగిసింది. ఆ లెక్కన ఆశ్వయుజ బహుళ పంచమి 1918 అక్టోబరు 24 ప్రాంతంలో వస్తుంది. అదే తిథి అంతకుముందు ఏడు పింగళలో నవంబరు మొదటివారంలోను, తరువాతి ఏడు సిద్ధార్థిలో అక్టోబరు నడుమన వస్తుంది. తద్దినానికి తిథిని అపరాహ్ణాన్ని బట్టి నిర్ణయిస్తారు కాబట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు; మీ ఊరి పురోహితుల చేత ఆ సంవత్సరపు పంచాంగం గణితం చేయించుకుంటే ఆ సందేహమూ తీరుతుంది. మీ మేనత్తగారికి కాళయుక్తి అనే పేరు ఎక్కడైనా విన్న గుర్తుందేమో అడగండి, అయితే ఆ పేరు మీరు ముందుగా ఆమె నోటికి అందించకండి. ‘ఆ ఏటి పేరేమిటో తాతగారు ఎప్పుడైనా చెప్పారా?’ అని మాత్రమే అడగండి.

ఆ అక్టోబరులో ఏం జరిగిందో తెలిసినదే. 1918 జూన్‌లో బొంబాయి రేవులో కనిపించిన ఇన్‌ఫ్లుయెంజా మొదటిసారి అంత ప్రాణాంతకంగా లేదు. సెప్టెంబరులో అదే బొంబాయి నుంచి రెండోసారి లేచినప్పుడు రైలుమార్గాల వెంట దేశమంతా పాకింది, అక్టోబరు మొదట్లో బొంబాయిలోను, ఆ నెల నడుమకల్లా మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటా ఉధృతమైంది. ఆ ఏడు నైరుతి ఋతుపవనం విఫలమైంది; యుద్ధం వల్ల ముందే పెరిగిన ధాన్యం ధరలు ఇంకా మండిపోయాయి, సెప్టెంబరులో మద్రాసు రాజధానిలో తిండిగింజల కోసం దోపిడీలు కూడా జరిగాయి. తిండి చాలని శరీరాల మీద జ్వరం వచ్చిపడింది. దేశం మొత్తంలో ఒక కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల మంది దాకా పోయి ఉంటారని చరిత్రకారుల అంచనాలు. నేటి భారతదేశపు సరిహద్దుల లోపల లెక్కవేస్తే 1911లో 25.21 కోట్లున్న జనాభా 1921 నాటికి 25.13 కోట్లకు తగ్గింది. మన జనాభా లెక్కల చరిత్రలో తగ్గిన దశాబ్దం అదొక్కటే. మీ ముత్తాతగారి తిథి సరిగ్గా ఆ కెరటపు శిఖరం మీద పడుతోంది, దసరా వెళ్ళి దీపావళి రాకముందు. ఇది రుజువు కాదు గాని, చాలా బలమైన సూచన.

మరి కలరా అనే మీ బంధువుగారి మాట? దానిని కొట్టిపారేయవద్దు. కాలువల నీళ్ళు తాగే డెల్టా గ్రామాలకు కలరా కొత్తది కాదు, పెద్దాపురం మరిడమ్మ జాతర వంటివాటి వెనుక ఉన్నది ఆ భయమే. అయితే ఈ రెండు రోగాలూ మనుషుల్ని తీసుకుపోయే తీరు వేరు, ఆ తీరు కథల్లో మిగులుతుంది. వాంతులు, భేదులు పట్టుకుని ఒక్క పూటలో, ఒక్క రాత్రిలో ఒళ్ళు చల్లబడి పోయారని చెబితే అది కలరా. ఒళ్ళు కాలిపోయే జ్వరం, దగ్గు, ఊపిరి అందకపోవడం, మూడో రోజో అయిదో రోజో ప్రాణం పోవడం అయితే ఇన్‌ఫ్లుయెంజా, దాని వెంట వచ్చిన న్యుమోనియా. గజ్జల్లో, చంకల్లో బిళ్ళలు కట్టడం, ఇంట్లో ముందుగా ఎలుకలు చచ్చిపడటం ప్లేగు లక్షణాలు. ఆ రోగం బళ్ళారి, అనంతపురం వైపు కాల్చినంతగా మీ ప్రాంతాన్ని కాల్చలేదు. ఇంకొక గుర్తు వయసు. మామూలు రోగాలు పసివాళ్ళను, ముసలివాళ్ళను ముందుగా తీసుకుపోతాయి. 1918 జ్వరం ఇరవైకీ నలభైకీ నడుమ ఉన్న కాపురస్థులను తీసుకుపోయింది, మన దేశంలో ఆ వయసు ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువగా పోయారు. రోగులకు సేవ చేసింది వాళ్ళే, అందరూ తిన్నాక మిగిలితే తిన్నదీ వాళ్ళే. మీ ఇంట ఆరేళ్ళ పిల్లవాడు మిగిలి, వయసులో ఉన్న ముగ్గురు పోయారు. మీ ఇంట్లో వాడిన మాట ‘జ్వరం’ అన్నది కూడా మరచిపోకండి.

అవిధవ నవమి సంగతి వేరే చెప్పాలి. భర్త ఉండగా పోయిన స్త్రీకి మహాలయ పక్షంలో జరిపేది ఆ నవమి. భర్త కూడా పోయాక కొన్ని ఇళ్ళలో దానిని మానేస్తారు; మీ తాతగారు మానలేదు. అంటే మీ తాతమ్మగారు ముత్తాతగారికంటే ముందు పోయారు. పది రోజుల తేడా అని మీరు రాశారు కనుక, ఆమె పోయింది అక్టోబరు 14 తర్వాత, 24 లోపల కావాలి. ఆమెకు విడిగా తిథి ఎందుకు నిలవలేదో కూడా దీనివల్లే తోస్తుంది. ఆ ఇంట్లో తిథి గుర్తుపెట్టుకోగల పెద్దలు అప్పటికే మంచాల మీద ఉన్నారు, మేనమామలు వచ్చేసరికి చివరగా పోయినవారి తిథి ఒక్కటే చేతికి దొరికి ఉంటుంది. మీ నాన్నగారి వైపు పెళ్ళిళ్ళలో పేరంటాలుకు, అంటే ముత్తయిదువగా పోయి ఇంటి దేవతగా కొలవబడే ఆడమనిషికి, చీర పెట్టి మొక్కే ఆనవాయితీ ఉన్నదేమో చూడండి. ఉంటే ఆ పేరంటాలు ఈమే కావచ్చు.

ఇప్పుడు మీకు జిల్లా కార్యాలయంలో ఎదురైన మాట. వాళ్ళు అబద్ధం చెప్పి ఉండరు, మీరు అడిగిన జిల్లా 1918లో లేదు. 1904లో తణుకు, భీమవరం, నరసాపురం, ఏలూరు, యర్నగూడెం తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో మళ్ళీ వాటిని విడదీసి పశ్చిమ గోదావరి జిల్లాను ఏర్పరచారు. 1918 అక్టోబరులో తణుకు తాలూకాలో పోయిన మనిషి ప్రభుత్వం దృష్టిలో కృష్ణా జిల్లా మనిషి, ఆ జిల్లాకు కేంద్రం మచిలీపట్నం. 2022లో జిల్లాలు మళ్ళీ మారాయి. కాబట్టి ఏ దరఖాస్తు రాసినా గ్రామం పేరు, పక్కనే ‘తణుకు తాలూకా, అప్పటి కృష్ణా జిల్లా, మద్రాసు రాజధాని’ అని తప్పకుండా రాయండి. జిల్లా స్థాయి నివేదికలు చూసేటప్పుడు కూడా గోదావరి పట్టిక కాదు, కృష్ణా పట్టిక చూడాలి. ఈ ఒక్క పొరపాటుతో ఏళ్ళ తరబడి తప్పు గదిలో వెతికినవారిని నేను ఎరుగుదును.

ఇక మరణాల రిజిస్టరు. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. పల్లెల్లో ఆ పని గ్రామ మునసబుది. చనిపోయిన తేదీ, పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, కులం, మరణకారణం అనే గడులు అందులో ఉంటాయి. కారణం గడిలో ‘ఇన్‌ఫ్లుయెంజా’ అని ఉంటుందని ఎదురుచూస్తే మీరు నిరాశపడతారు. మునసబుకు తెలిసిన కారణాలు కలరా, మశూచి, జ్వరం, భేదులు, అలాంటివి కొన్ని. ఆ ఏడు ఇన్‌ఫ్లుయెంజాతో పోయినవారిలో ఎక్కువమంది ‘జ్వరం’ అన్న మాట కిందికే చేరారు. ఎందరు పోయారన్న అంచనాలు కూడా మామూలు ఏళ్ళకంటే జ్వరం మరణాలు ఎంత పెరిగాయో చూసి కట్టినవే. మీ ముత్తాతగారి పేరుకు ఎదురుగా ‘జ్వరం’ అని ఉంటే దానిని ఒంటరిగా చదవకండి. ఆ పేజీకి ముందూ వెనుకా ఉన్న రెండు నెలల పేజీలు చదవండి.

ఎందుకంటే, నేను ఒకసారి అలాంటి రిజిస్టరు ఒకటి తిరగేశాను, మీ ఊరిది కాదు. సెప్టెంబరు నెల మొత్తం ఒక పేజీలో సగానికే అయిపోయింది. అక్టోబరు రెండో వారం దాటాక ఒకే తేదీ కింద వరుసగా పేర్లు, వాటిలో ఒకే ఇంటిపేరు మళ్ళీ మళ్ళీ, కారణం గడిలో పైన ఒకసారి ‘జ్వరం’ అని రాసి కిందంతా గీత లాగేశారు. ఆ నెల చివర్లో చేతిరాత మారిపోయింది. రాసే మనిషి మంచం పట్టాడో, పోయాడో ఆ పుస్తకం చెప్పదు. ఆ తర్వాత కొన్ని రోజులు ఖాళీ, ఆపైన తేదీలు వెనక్కీ ముందుకీ పడ్డ నమోదులు. మీ వారి పేర్లు రిజిస్టరులో లేకపోతే వాళ్ళు ఆ రోజుల్లో పోలేదని అనుకోవద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. అలాగే నమోదైన తేదీని చనిపోయిన తేదీగా తీసుకోకండి, ఆ రెండింటికీ నడుమ వారాలు ఉండవచ్చు.

ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడున్నాయన్నది పెద్ద ప్రశ్న. మునసబు, కరణాల వ్యవస్థను 1984లో రద్దుచేశారు, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఈ రెండు మార్పుల్లో బస్తాలు బస్తాలుగా కాగితాలు చేతులు మారాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి, కొన్ని చెదలకు పోయాయి. మీ గ్రామం నేడు ఏ మండలంలో ఉంటే ఆ తహసీల్దారు కార్యాలయంతో మొదలుపెట్టి, పాత తాలూకా కేంద్రమైన తణుకులోను, పంచాయతీలోను అడగండి. కౌంటరు దగ్గర నోటిమాటగా అడిగితే ‘లేవు’ అన్న జవాబు తేలికగా వస్తుంది. సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా, ఫలానా గ్రామం 1918, 1919 మరణాల రిజిస్టరు మీ రికార్డు గదిలో ఉన్నదా, లేకపోతే ఎప్పుడు ఎక్కడికి పంపారు అని రెండే ప్రశ్నలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఎక్కడికి పంపారు’ అన్న ప్రశ్న వదలకండి, దారి చూపేది అదే. పాత కరణంగారి వారసులు ఊళ్ళో ఉంటే మర్యాదగా వెళ్ళి కలవండి. ఇది మీ ఇంటి పెద్దల జ్ఞాపకం కోసమని, ఏ పొలం తగాదా కోసమూ కాదని మొదటి మాటలోనే చెప్పండి, లేకపోతే పాత కాగితం పేరెత్తగానే మనుషులు బిగుసుకుపోతారు.

నన్నడిగితే, మీకు ఎక్కువ ఫలితం ఇచ్చేది సబ్ రిజిస్ట్రారు కార్యాలయం. నాలుగెకరాలు రెండెకరాలయ్యాయంటే దాదాపు తప్పకుండా ఒక దస్తావేజు పుట్టి ఉంటుంది. కంప్యూటరులో వచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి లావాదేవీల పత్రం) 1983కు వెనక్కి పోదు కనుక చేతిరాత పుస్తకాలనే వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు ఒకటో పుస్తకంలో ఉంటాయి. మనుషుల పేర్లకు ఒక సూచిక, ఆస్తికి రెండో సూచిక ఉంటాయి. గ్రామం, సర్వే నంబరు చెప్పి 1918 నుంచి 1933 దాకా, అంటే మీ తాతగారికి మైనారిటీ తీరి మరో మూడేళ్ళు గడిచేదాకా వెతకమని దరఖాస్తు పెట్టండి. ఆ కాలపు క్రయ దస్తావేజు మొదటి పేరాలోనే రాసిచ్చేవారి పేరు, తండ్రి పేరు, వృత్తి, కాపురం ఉంటున్న ఊరు అన్నీ వస్తాయి. మైనరు తరఫున అమ్మితే, మైనరు ఎవరి కుమారుడు, వయసెంత, సంరక్షకుడు ఎవరు, ఆ సంరక్షకుడు ఏ వరస అవుతాడు అన్నదీ రాస్తారు. అన్నిటికంటే విలువైనది అమ్మకానికి కారణం చెప్పే వాక్యం. మైనరు ఆస్తిని అవసరం లేకుండా అమ్మితే పెద్దయ్యాక అతను కోర్టుకు ఎక్కవచ్చు కాబట్టి, కొనేవాడు ఆ అవసరాన్ని పట్టుబట్టి రాయించుకునేవాడు. తండ్రి ఫలానా నెలలో గతించాడనో, కర్మాంతరాలకు తెచ్చిన అప్పు తీర్చడానికనో ఆ వాక్యంలో ఉంటుంది. మరణాల రిజిస్టరులో మూడు పేర్లూ దొరకని ఇంటికి కూడా ఈ ఒక్క వాక్యం దొరకవచ్చు. అవి గొలుసుకట్టు రాతలో ఉంటాయి, ఊళ్ళో పాత దస్తావేజు లేఖరి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఇక్కడే తాతమ్మగారు ముందు పోయారన్న విషయం పనికివస్తుంది. తల్లి బతికి ఉంటే తండ్రి తర్వాత మైనరుకు సహజ సంరక్షకురాలు ఆమే, దస్తావేజు ఆమె పేరున ఉండేది. ఆమె లేదు కనుక మేనమామ పేరుతో వెతకాలి, సూచికలో కూడా ఆయన ఇంటిపేరునే పట్టుకోవాలి. అన్నీ పద్ధతిగా జరిగి ఉంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఆయన జిల్లా కోర్టులో అర్జీ వేసుకుని ఉంటారు. అటువంటి అర్జీలో తల్లిదండ్రుల మరణాల తేదీలు, దగ్గరి బంధువుల పేర్లు ఉంటాయి. నాలుగెకరాల రైతు ఇంట కోర్టుదాకా వెళ్ళడం అరుదే, అయినా కృష్ణా జిల్లా కోర్టు పాత సూచికలు ఒకసారి అడిగి చూడటంలో నష్టం లేదు.

పోయిన రెండెకరాల గురించి ఒక్క మాట, మీరు అడగకపోయినా. మేనమామలు కాజేశారన్న మాట మీ ఇంట్లో ఉన్నదో లేదో నాకు తెలియదు, చాలా ఇళ్ళలో ఉంటుంది. అయితే ఆ రోజుల్లోనే పోయిన మీ తాతగారి బాబాయిగారి సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు. అన్నదమ్ములిద్దరూ అప్పటికే పంచుకుని ఉంటే, ఆయన వాటా ఆయన భార్యకో పిల్లలకో చేరుతుంది, అప్పుడు రెండెకరాలు ఎవరూ తినలేదు, న్యాయంగానే వేరయ్యాయి. పంపకం కాకుండానే, కొడుకులు లేకుండా పోయి ఉంటే నాటి ధర్మశాస్త్రం ప్రకారం వాటా అన్న కొడుక్కే నిలుస్తుంది, వితంతువుకు మనోవర్తి మాత్రమే ఉండేది. 1937 చట్టం దాకా అదే పరిస్థితి. కాబట్టి బాబాయిగారికి పెళ్ళయిందా, ఆ పిల్ల ఎవరి ఆడపడుచు, ఆమె పుట్టింటికి వెళ్ళిపోయిందా అని అడగండి. ఈ కథలో బతికి ఉండీ మీ కుటుంబం మరచిపోయిన మనిషి ఒకామె ఉండవచ్చు.

రెవెన్యూ లెక్కలు ఫసలీ ప్రకారం, అంటే జూలైతో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం ప్రకారం నడుస్తాయి. 1918 జూలై నుంచి 1919 జూన్ దాకా ఫసలీ 1328. ఆ ఫసలీలోను, తరువాతి 1329లోను గ్రామం పది నంబరు లెక్కలో (పట్టాదారుల లెక్క), అడంగలులో (ఏటా రాసే పొలం, పంటల లెక్క) పట్టాదారు పేరు ఎలా మారిందో చూడగలిగితే మరణం ఏ ఫసలీలో జరిగిందో తేలుతుంది. ఆ వార్షిక లెక్కలు నిలిచిన ఊళ్ళు తక్కువ. భూమిశిస్తును మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెట్టిల్‌మెంట్ రిజిస్టరు, మీవైపు డైగ్లాట్ అంటారే అది, ఎక్కువగా దొరుకుతుంది గాని, అది చెప్పేది ఒక్క సెట్టిల్‌మెంటు నాటి స్థితిని మాత్రమే. భూమి ఉన్నందువల్ల మీకు ఇన్ని దారులు తెరుచుకున్నాయని గుర్తుంచుకోండి. ఆ ఊళ్ళోనే, ఆ వారంలోనే, సెంటు భూమి లేని పాలేరు ఇళ్ళలో పోయినవారికి ఆ మునసబు పుస్తకం ఒక్కటే ఆధారం. క్రైస్తవులైతే మిషన్ చర్చిల సమాధుల రిజిస్టరు అదనం. మీరు మీ ఊరి పుస్తకం సంపాదించగలిగితే ఆ రెండు నెలల పేజీలన్నీ ఫొటో తీయండి, మీ ఇంటిపేరున్న వరుసలు మాత్రమే కాదు.

పత్రికల్లో మీ వారి పేర్లు దొరుకుతాయని ఆశించకండి. అయితే మచిలీపట్నం నుంచి వెలువడిన కృష్ణాపత్రిక, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా నడిచిన ఆంధ్రపత్రిక, ఈ రెండింటి పాత సంచికలు ప్రెస్ అకాడమీ వారు డిజిటలీకరించారు. 1918 అక్టోబరు, నవంబరు సంచికలు తిరగేస్తే ఆ వారాల గాలి ఎలా ఉండేదో తెలుస్తుంది. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరు వార్షిక నివేదికలో జిల్లాలవారీగా మరణాల పట్టికలు ఉంటాయి, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగవచ్చు. జనాభా లెక్కల్లో ఇంటింటి పత్రాలు నిలవలేదు, కనుక 1911, 1921 లెక్కల్లో మీ ముత్తాతగారి ఇంటిని వెతికి కాలం వృథా చేసుకోవద్దు.

మేనమామల ఊరిని కూడా వదలకండి. అక్కడి బడి అడ్మిషన్ రిజిస్టరులో మీ తాతగారి పేరుకు ఎదురుగా తండ్రి గడిలో ఎవరి పేరుంది, సంరక్షకుడి గడిలో ఎవరున్నారు, ఏ తేదీన చేరారు అన్నవి చూడండి. పుట్టినతేదీని మాత్రం నమ్మకండి, చేర్చుకునేటప్పుడు పంతులుగారు చూపుతో అంచనా కట్టి వేసినది కావచ్చు. ఆ ఇంట్లో పాత పద్దుల పుస్తకాలు మిగిలి ఉంటే అవి బంగారం. 1918 చివరి పేజీల్లో బండి కిరాయి, నువ్వులు, దర్భలు, కొత్త పంచె, ఆవునెయ్యి అని పద్దులు వరుసగా కనిపిస్తే, అందులో పదో రోజు ఖర్చు కొద్ది రోజుల తేడాలో రెండుసార్లో మూడుసార్లో వస్తే, ఏ సర్కారు కాగితమూ అంత స్పష్టంగా చెప్పదు.

దొరికిన ప్రతిదాన్నీ రాసుకునేటప్పుడు, ఇది కాగితంలో చూశాను, ఇది ఫలానావారు చెప్పారు, ఇది నేను ఊహించాను అని మూడు రకాలుగా విడిగా రాయండి. ఇప్పటికి మీ దగ్గర ఉన్నదానితో నేను రాయగలిగింది ఇంతే: ముత్తాతగారు ఆశ్వయుజ బహుళ పంచమినాడు పోయారు, తాతగారి వయసును బట్టి అది 1918 కావచ్చు, అదైతే అక్టోబరు 24 ప్రాంతం, ఆ వారం మీ ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా ఉధృతంగా ఉంది, తాతమ్మగారు ఆయనకంటే కొద్ది రోజుల ముందు పోయారు. ఇన్‌ఫ్లుయెంజాతోనే పోయారని రాయడానికి ఇంకా ఒక కాగితం కావాలి.

ఈ కాగితాల పనులన్నీ నెమ్మదిమీద చేసుకోవచ్చు, నూరేళ్ళు ఆగినవి ఇంకో ఆరు నెలలు ఆగుతాయి. మీ మేనత్తగారి దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్ళండి. మన ఇళ్ళలో తల్లి చిన్నప్పుడే పోయిన మగవాడు తన మొదటి ఆడపిల్లకు ఎవరి పేరు పెట్టుకుంటాడో మీకు తెలుసు. తల్లి పేరు పెట్టుకున్న బిడ్డను ఆ పేరుతో పిలవడానికి, ఆ పేరుతో కసురుకోవడానికి నోరు రాక, ‘అమ్మా’ అనో ‘అమ్మాయీ’ అనో ‘బుజ్జమ్మా’ అనో పిలుచుకుంటూ గడిపిన తండ్రులు ఎందరో. మీ మేనత్తగారి అసలు పేరేమిటో, ఆ పేరు ఎవరిదని ఆమెకు చెప్పారో, మీ తాతగారు జీవితంలో ఒక్కసారైనా ఆమెను ఆ పేరుతో పిలిచారో అడగండి. తాతమ్మగారి పేరు ఎవరికీ తెలియదని మీరు రాశారు. అది ఇన్నాళ్ళూ మీ మేనత్తగారి రేషను కార్డు మీద ఉండి ఉండవచ్చు.